బండి కొరఫిన్‌లో, మేం బండల మీద

ఐర్లండ్ పడమటి తీరాన, క్లేర్ కౌంటీ ఉత్తరపు కొసన బర్రెన్ అని ఒక రాతినేల ఉంది. వందల చదరపు కిలోమీటర్ల మేర బూడిదరంగు సున్నపురాయి పరుచుకుని ఉంటుంది. దూరం నుంచి చూస్తే చెట్టు కనపడదు, దున్నిన చేను కనపడదు, వాగు కనపడదు. ఫోన్లో ఫొటో చూపిస్తే మా అమ్మ "ఇదేందే, ఎడారికి పోయినారా?" అనింది. ఈ ఎడారిలో ఏటా 1,500 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. మా కర్నూలు సీమలో అందులో సగం కూడా పడదు. అంత వాన పడేచోట నీళ్లు ఎందుకు నిలవవు? మన్ను ఎటు పోయింది? మన్నే కరువైన చోట ఐర్లండ్ సొంత మొక్కల జాతుల్లో డెబ్భై శాతం దాకా ఎట్లా బతుకుతున్నాయి? లిమరిక్‌లో ఉండే మాకు ఆ నేల గంట దూరం. వారం మధ్యలో నాకు డ్యూటీ లేకుండా ఉండి, ఆకాశం కాస్త తెరిపిస్తే, నేనూ మా ఆయనా వ్యాను తీసుకుని అటే పోతాం.

నాది బేతంచెర్ల. ఇప్పుడు నంద్యాల జిల్లా కింద ఉంది. మా ఊరు ఎవరికీ తెలియకపోయినా మా ఊరి బండలు అందరికీ తెలుసు. తెలుగునాట ఏ పాత ఇంట్లో చూసినా కాళ్లకింద చల్లగా తగిలేది బేతంచెర్ల బండో, తాండూరు బండో, కడప బండో అయివుంటుంది. మా నాన్న పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గని నుంచి వచ్చిన నాపరాయిని ట్రాక్టర్ మీంచి దించుకునే ముందు చిన్న సుత్తితో తట్టి చూసేవాడు. ఖంగుమని మోగితే బండ మంచిది. దబ్ అని చప్పగా పలికితే లోపలెక్కడో చీలిక ఉన్నట్టే, కోతకు పెడితే నడిమికి విరుగుతుంది. ఆ చెవి నాకూ వచ్చింది. నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు చేసి, ఇక్కడి ఆసుపత్రిలో చేరినా ఆ చెవి మాత్రం పోలేదు.

వ్యాను సంగతి కొంత చెప్పాలి. ఇక్కడి తెలుగువాళ్లు కొనే వాటిలో సాధారణంగా అది ఉండదు. ఇల్లు, కారు, ఇంకో కారు, సొంతూళ్లో ప్లాటు: ఇదీ వరస. పిల్లలు చదువులకు డబ్లిన్ వెళ్లాక మా ఆయన ఒక పాత క్యాంపర్ వ్యాను కొనుక్కొచ్చారు. లోపల మంచంగా మారే సీట్లు, రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, సింకు, మడిచే బల్ల. ఇక్కడి నిబంధనల ప్రకారం పడక, పొయ్యి, బల్ల వంటివి బిగించి, లోపల మనిషి నిలబడేంత ఎత్తుంటేనే దాన్ని 'మోటార్ కారవాన్' అని నమోదు చేస్తారు. అలా నమోదైతే రోడ్డు పన్ను ఏడాదికి 102 యూరోలే. బరువు 3,500 కిలోలు దాటకపోతే కారు లైసెన్సే చాలు. మనవాళ్లకు అసలు తిప్పలు ఆ కారు లైసెన్సుతోనే. చూసిపోవడానికి వచ్చినవాళ్లు ఇండియా లైసెన్సుతో నడపొచ్చు గానీ, ఇక్కడ స్థిరపడ్డవాళ్లకు దాన్ని మార్చి ఇవ్వరు. ఎన్నేళ్లు నడిపిన చెయ్యి అయినా థియరీ పరీక్ష రాసి, లెర్నర్ పర్మిట్ తీసుకుని, మాస్టారి పక్కన కూర్చుని మళ్లీ నేర్చుకోవాల్సిందే.

వ్యాన్‌లో వంట అంటే నా మటుకు ఉగ్గాని. బొరుగులు నీళ్లలో తడిపి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయ పచ్చిమిరప తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లితే పది నిమిషాల్లో అయిపోతుంది. నీళ్లు తక్కువ, గ్యాస్ తక్కువ, కడగాల్సిన గిన్నె ఒక్కటే. ఉగ్గానికి జోడు బజ్జీలు మాత్రం వ్యాన్‌లో వెయ్యను. ఆ నూనె వాసన వారం దాకా పోదు.

లిమరిక్ పడమటి వైపు నుంచి బయల్దేరితే మొదట షానన్ నది కింది సొరంగం. 2010లో తెరిచారు, టోల్ కట్టాలి. అది దాటాక కాసేపటికి బన్‌రాటీ కోట, ఆపైన షానన్ విమానాశ్రయం బోర్డు. ప్రపంచంలో మొదటి డ్యూటీ ఫ్రీ దుకాణం 1947లో తెరిచింది అక్కడే. ఎన్నిస్ పట్నం తప్పించుకుని చిన్నరోడ్డు పడితే కొరఫిన్ వస్తుంది. చిన్న ఊరు. బర్రెన్ నేషనల్ పార్కు సమాచార కేంద్రం ఇక్కడే ఉంది. పార్కు మాత్రం ఇక్కడ లేదు, ఇంకా కొన్ని కిలోమీటర్లు పోవాలి. వేసవి నెలల్లో కొరఫిన్ నుంచి పార్కు దాకా ఉచితంగా బస్సు నడుపుతారు.

"ఇంతదూరం వచ్చి బస్సెందుకు? వ్యాన్‌లోనే పోదాం" అన్నారు మా ఆయన.

"ఆ సందులో ఎదురుగా ట్రాక్టర్ వస్తే మీరు వెనక్కి తీస్తారా, వాడు తీస్తాడా?"

"వాడే తీస్తాడు. మనది పెద్ద బండి."

"బండి పెద్దదే. రెండు పక్కలా ఉండేది రాతిగోడలండీ. రాసుకుంటే పోయేది మన రంగే."

బస్సెక్కాం. దారి నిజంగానే ఒక బండి పట్టేంత. కొన్నిచోట్ల రోడ్డు నడిమిట్లో గడ్డి మొలిచి ఉంటుంది. అటూ ఇటూ గోడలకు సిమెంటూ లేదు, మన్నూ లేదు. రాయి మీద రాయి పేర్చారు, అంతే. సందుల్లోంచి అవతలి వెలుతురు కనపడుతుంది. గాలి ఆ సందుల్లోంచి పోతుంది కాబట్టే పడిపోకుండా నిలబడతాయట. బస్సు ఒక నాలుగు రోడ్ల కూడలిలో దించింది. గేటు లేదు, టికెట్ లేదు, టీకొట్టు లేదు. రంగురంగుల బాణం గుర్తులున్న చిన్న కొయ్యలు, వాటి వెనక రాయి.

ఇంత ఖాళీగా ఉండటం దానంతటది జరగలేదు. 1991లో ఈ 1,500 హెక్టార్ల జాతీయ పార్కు ఏర్పడింది. అదే ఏడు ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖ ఇక్కడి ముల్లామోర్ కొండ దగ్గర పెద్ద సందర్శక కేంద్రం కడతానని ప్రకటించింది. భవనం, కార్ పార్కు, మురుగునీటి ఏర్పాటు, ఐరోపా నిధులు. చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది సంతోషించారు. ఉపాధి వస్తుందన్న వాళ్ల ఆశను నేను తప్పుపట్టను. పిల్లలు పెద్దయితే ఊరు విడిచిపోవడమే దారైన రోజులవి. రాయలసీమ నుంచి వచ్చిన నాకు ఆ ఆశ ఎరుకే. కొందరు మాత్రం 'బర్రెన్ యాక్షన్ గ్రూప్' పేరుతో ఎదురు తిరిగారు. కవి, అప్పట్లో చర్చి గురువు అయిన జాన్ ఓ డొనహ్యూ వాళ్లలో ఒకరు. జనం రావద్దని వాళ్లు అనలేదు. భవనం కొండ దగ్గర వద్దు, ఊళ్లో కట్టండి అన్నారు. పగుళ్ల రాయి మీద మురుగునీరు వదిలితే అది నేరుగా భూగర్భ జలాల్లోకి దిగుతుందన్నారు.

ఊళ్లు రెండుగా చీలాయి. పని మొదలైంది కూడా. 1993లో కోర్టు, ప్రభుత్వ శాఖ అయినా సరే ప్లానింగ్ అనుమతి లేకుండా కట్టకూడదని తీర్పు ఇచ్చింది. అప్పటిదాకా సర్కారు తన కట్టడాలకు తనే మినహాయింపు ఇచ్చుకునేది. ఒక కొండ గొడవ మొత్తం దేశపు కట్టడాల పద్ధతినే మార్చేసింది. తర్వాత కూడా ఏళ్ల తరబడి లాగి, 2000లో ప్లానింగ్ బోర్డు కుదరదని తేల్చింది. అప్పటికే వేసిన కార్ పార్కును తవ్వి తీసేశారు. ఇప్పుడు ఆ చోటు ఎక్కడని అడిగితే నేను చూపించలేను.

ముల్లామోర్ ఎత్తు 180 మీటర్లే. దాన్ని చుట్టి వచ్చే నీలం గుర్తు దారి ఏడున్నర కిలోమీటర్లు ఉంటుంది, మూడు గంటలు అనుకోవచ్చు. కొండను మొదటిసారి చూసినవాళ్లు కాసేపు నోరు తెరుచుకుని నిలబడతారు. రాతిపొరలు అడ్డంగా, తిన్నగా లేవు. మధ్యలో కుంగి, అంచుల్లో లేచి, పిండి పడేసిన తడి చీర మడతల్లా వంపులు తిరిగి ఉంటాయి. పేరుకున్నప్పుడు ఆ పొరలు చదునుగానే ఉండేవి. తర్వాత భూఫలకాల ఒత్తిడికి అలా వంగాయి.

ఆ పేరుకోవడం సుమారు 33 కోట్ల ఏళ్ల కిందటి మాట. అప్పుడు ఈ భూమి భూమధ్యరేఖ దగ్గర, గోరువెచ్చని లోతులేని సముద్రం కింద ఉండేది. పగడాలు, గవ్వలు, కాడల మీద పూలల్లే నిలబడే సముద్రపు లిల్లీలనే జీవులు చచ్చి అడుగున పేరుకుని రాయి అయ్యాయి. మా ఊరి నాపరాయీ సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే. అయితే అది దీనికంటే ఎంతో పాతది, గవ్వ కట్టుకునే జీవులు ఇంకా పుట్టని కాలానిది. అందుకే చిన్నప్పుడు అన్ని బండలు చూసినా ఒక్క గవ్వ ముద్రా కంటపడలేదు. ఇక్కడ వంగి చూస్తే చాలు, బండ నిండా పగడపు గుండ్రాలు, గవ్వల అంచులు.

మంచుయుగంలో హిమానీనదాలు ఈ కొండల మీదుగా జారి, పైనున్న మన్నునూ మెత్తటి పొరల్నీ గీకేశాయి. చివరి మంచు సుమారు 15,000 ఏళ్ల కిందట వెనక్కి తగ్గింది. పోతూ పోతూ గాల్వే వైపు నుంచి ఈడ్చుకొచ్చిన గ్రానైట్ గుండ్లను కూడా అక్కడక్కడా వదిలేసింది. సున్నపురాయి మీద ఒంటరిగా కూర్చున్న గ్రానైట్ గుండు మా ఆయనకు ఇష్టమైన ఫొటో. "ఎవరో లారీలో తెచ్చి దించినట్టుంది" అంటారు ప్రతిసారీ.

ఆ తర్వాతి పని వానది. వాన గాల్లోని, నేలలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచటి ఆమ్లం అవుతుంది. సున్నపురాయి దానికి కరుగుతుంది. రాతిలో ముందే ఉన్న సన్నటి గీతల వెంట వాన దిగి దిగి, వాటిని కోసుకుపోయి లోతైన సందులు చేసింది. ఆ సందులను గ్రైక్‌లు అంటారు, సందుకూ సందుకూ మధ్య మిగిలిన చదును బండలను క్లింట్లు అంటారు. వాన ఎంత పడినా ఆ సందుల్లోంచి కిందికి పోతుంది. బర్రెన్‌లో సముద్రం దాకా నేల పైనే పారే ఏరు కేహర్ ఒక్కటే. మిగతా నీళ్ల కాపురం అంతా పాతాళంలోనే. ఈ లెక్క మన దగ్గరా ఉంది. మా జిల్లాలోనే కొలిమిగుండ్ల దగ్గరున్న బెలుం గుహలను తొలిచింది ఇదే రసాయనం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. 1980లలో జర్మన్ బృందం దిగి కొలిచింది. 3,229 మీటర్ల గుహ అది. అక్కడ నీరు చేసిన పని చూడటానికి లోపలికి దిగాలి, ఇక్కడ నెత్తిన నిలబడి చూడొచ్చు.

ఒక క్లింటు మీద కాలు పెట్టాను. అంచు కొంచెం ఊగి ఖంగుమంది. రెండో దాని మీద పెడితే ఇంకో శ్రుతి. విడిపోయిన బండలు, కింద ఖాళీ, అందుకే ఆ మోత. మా నాన్న ఉంటే సుత్తి అడిగేవాడు. మోకాళ్ల మీద కూర్చుని సందులోకి చూశాను. సందు నా అరచెయ్యి పట్టేంత వెడల్పు, మోచేయి దాటి భుజం దాకా పోయేంత లోతు. పైన గాలి చెవులు కోస్తుంటే లోపల చెయ్యి పెడితే వెచ్చగా, తేమగా ఉంది. అడుగున గుప్పెడు నల్లటి మన్ను. దాన్ని పట్టుకుని నాలుకల్లాంటి ఆకుల ఫెర్న్, దాని పక్కన నల్లటి సన్నటి కాడలకు చిన్న విసనకర్ర ఆకులున్న మెయిడెన్‌హెయిర్ ఫెర్న్. మా వైపు దిగుడుబావుల గోడల్లో, నీళ్లు చెమ్మగిల్లే చోట మొలిచే జాతే ఇది. మన్ను ఎటు పోయిందన్న ప్రశ్నకు సగం జవాబు ఆ సందులోనే ఉంది. పై నుంచి కొట్టుకొచ్చి, ఇక్కడ దాక్కుంది.

మే నెలలో రావాలి అని ఇక్కడివాళ్లు అనేది పూల కోసం. స్ప్రింగ్ జెన్షియన్ అని ఒకటుంది. అయిదు రేకులు, రూపాయి బిళ్లంత పువ్వు, నీలం. ఆ నీలానికి ఫొటోలో న్యాయం జరగదు. ఆల్ప్స్ కొండల్లో పూసేది ఇక్కడ సముద్రమట్టానికి కాస్త పైన పూస్తుంది. పక్కనే ఉత్తరధ్రువపు చలి ప్రాంతాల మొక్క మౌంటెన్ ఏవెన్స్, ఎనిమిది తెల్లరేకులతో. దానికి నాలుగడుగుల్లో మధ్యధరా సముద్రపు ఎండలకు అలవాటుపడ్డ ఆర్కిడ్. ఈ మూడు ఊళ్లవాళ్లు ఒకే గడ్డిచెక్కలో కాపురం ఉండటం ప్రపంచపు వృక్షశాస్త్రజ్ఞులను ఇక్కడికి లాక్కొస్తుంది. రాయి ఎండాకాలపు వేడిని పట్టి ఉంచుకుని చలికాలంలో మెల్లగా వదులుతుంది, సముద్రపు వెచ్చని ప్రవాహం మంచు గడ్డకట్టనివ్వదు, పలచటి సున్నపు మన్నులో బలిసిన గడ్డి పెరగలేదు కాబట్టి చిన్నమొక్కలకు చోటు దొరుకుతుంది. ఇవి కొన్ని కారణాలు.

ఇంకో కారణం ఆవులు. నన్నడిగితే అదే అసలు కారణం. ప్రపంచంలో చాలాచోట్ల పశువులను వేసవిలో కొండకు తోలి, చలికాలంలో కిందికి దించుతారు. బర్రెన్ రైతులు తిరగేసి చేస్తారు. అక్టోబరు చివర పశువులను కొండమీదికి తోలతారు, వసంతం రాగానే కిందికి దించుతారు. వెచ్చటి రాయి, పొడి నేల, చలికాలమంతా ఎంతోకొంత గడ్డి, సున్నపు నీళ్లు. కొట్టం ఖర్చు లేదు. ఆవులు ఎండుగడ్డినంతా మేసేస్తాయి. వసంతంలో పూలమొక్కలు తలెత్తే సమయానికి పైన నీడ ఉండదు, తొక్కే గిట్టా ఉండదు. పశువులను తోలడం మానేసిన చోట హేజెల్ పొదలు కమ్ముకుని పూలు పోయాయి. అందుకే 2005లో బర్రెన్‌లైఫ్ అనే ప్రాజెక్టు మొదలైంది. దాని వెనక ముఖ్యమైన మనిషి బ్రెండన్ డన్‌ఫర్డ్. ఆ తర్వాత వచ్చిన పథకంలో పొలానికి పదికి ఇన్ని అని మార్కులు వేసి, మార్కులను బట్టి రైతుకు డబ్బిచ్చారు. ఎక్కువ పూలు, శుభ్రమైన నీళ్లు ఉంటే ఎక్కువ మార్కులు. ఫలానా పని చెయ్యి అని చెప్పకుండా, ఫలితం చూపించి డబ్బు తీసుకో అన్నారు. ఇలాంటి పథకం మన పల్లెలకు ఎవరైనా రాస్తే బాగుండు.

కొండ దిగువన చెరువులున్నాయి, చెరువులు కానివీ ఉన్నాయి. ఆ రెండోవాటిని టర్లాక్‌లు అంటారు. చలికాలపు వానలకు భూగర్భ జలం పైకి ఉబికి, కాలువా ఏరూ లేకుండానే నీళ్లు నిండుతాయి. ఎండలొస్తే వచ్చిన దారినే నేలలోకి ఇంకిపోతాయి. మేం పోయినప్పుడు అక్కడ గడ్డి, గడ్డిలో ఆవులు. పక్కనున్న గోడమీద మాత్రం నల్లటి నాచు ఒక ఎత్తు దాకా పట్టి ఉంది. చలికాలంలో నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో చెప్పే గీత అది.

మధ్యాహ్నం మళ్లీ బస్సులో కొరఫిన్ వచ్చి, వ్యాన్‌లో పెరుగన్నం తిని, పౌల్నబ్రోన్ వైపు బయల్దేరాం. దారిలో లెమనే కోట మొండిగోడలు కనపడతాయి. అవి చూసి ముందుకు పోవచ్చు. పౌల్నబ్రోన్ దగ్గర ఆగాలి. నిలువు బండల మీద ఒక పెద్ద పలక ఒరిగించి పెట్టిన సమాధి అది. మన ఊళ్ల బయట రాకాసిగుళ్లు అని చూపించే పాతసమాధుల తరహాదే, వాటికంటే చాలా పాతది. 1985లో ఒక నిలువు రాయికి పగులు కనిపించింది. దాన్ని మార్చే పని మీద 1986లో, మళ్లీ 1988లో ఆన్ లించ్ అనే పురాతత్వవేత్త తవ్వకాలు చేశారు. లోపల ముప్పైమందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి. అన్నిటికంటే పాతవి 5,800 ఏళ్ల నాటివి.

ఎముకల సంగతి చదివితే నర్సుగా నా దృష్టి ఆగిపోతుంది. చాలామంది ముప్పై దాటకుండా పోయారు. మెడలోనూ భుజాల్లోనూ కీళ్లు అరిగి ఉన్నాయి, బరువులు మోసి మోసి. ఒకరి తుంటి ఎముకలో రాతి బాణం మొన దిగి ఉంది. 2020లో ఐరిష్ పరిశోధకులు డీఎన్ఏ పరీక్షించి, అక్కడ పూడ్చిన ఒక మగబిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని తేల్చారు. అప్పటికి తెలిసినవాటిలో అదే అతి ప్రాచీనమైన కేసు. ఆ బిడ్డకు తల్లిపాలు పట్టారని కూడా ఎముకలే చెప్పాయి. ఊరు ఊరంతటికీ గౌరవమైన సమాధిలో ఆ పసివాడికీ చోటిచ్చారు. వాళ్లను మోటు మనుషులని అనబుద్ధి కాదు నాకు.

మన్ను పోవడంలో మిగతా సగం జవాబు కూడా వీళ్ల దగ్గరే ఉంది. అప్పట్లో ఈ నేలమీద పైన్, హేజెల్ అడవులుండేవి. పొలాల కోసం, మేత కోసం వీళ్లూ వీళ్ల తర్వాతివాళ్లూ చెట్లు కొట్టారు. వేళ్లు లేని పలచటి మన్నును వాన సందుల్లోకి దించేసింది. ఎడారిని చేసిందీ మనిషే, అందులో పూలు నిలబెట్టిందీ మనిషీ అతని ఆవులూ. ప్రకృతి వింత అని బోర్డు పెట్టడం సులువు. ఇది చాలావరకు సేద్యం చేసిన వింత.

పౌల్నబ్రోన్ చుట్టూ బండల మీద అక్కడక్కడా చిన్న చిన్న రాళ్ల గోపురాలు కనపడ్డాయి. సందర్శకులు పేర్చినవి. ఎవరికైనా ముచ్చటే, మనకు మరీను. అహోబిలం దారిలో, తిరుమల మెట్ల దారిలో సొంతిల్లు కావాలని రాయి మీద రాయి పెట్టి మొక్కుకునే జాతి మనది. లిమరిక్‌లో ఇళ్ల అద్దెలు చూస్తే ఇక్కడ కూడా మొక్కుకోవాలనే ఉంటుంది. మా ఆయన ఒక రాయి చేతిలోకి తీసుకుని నా వైపు చూశారు.

"పెట్టెయ్యండి. ఎక్కడిది అక్కడే."

"ఒక్క రాయేగా!"

"ఆ ఒక్క రాయి తీస్తే కింద ఫెర్న్ ఎండిపోతుంది. నత్త ఎటు పోతుంది?"

ఈ గోపురాలను నిర్వాహకులు పడగొడుతూనే ఉంటారు, జనం పేరుస్తూనే ఉంటారు. వేల ఏళ్లనాటి సమాధి పక్కన నిన్నటి బొమ్మ సమాధులు నిలబడితే, రేపు తవ్వేవాళ్లకు ఏది పాతదో ఎలా తెలుస్తుంది?

వచ్చేవాళ్లకు నాలుగు మాటలు. మే, జూన్ మంచివి, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. చీలమండ పట్టుకునే బూట్లు వేసుకోండి. వాన పడ్డాక బండ జారుతుంది, సందులో కాలు పడితే విరుగుతుంది, అలా వచ్చినవాళ్లకు కట్లు కట్టిన అనుభవంతో చెబుతున్నాను. నీళ్లూ తిండీ కొరఫిన్‌లోనే చూసుకోండి, అక్కడి బాత్రూం వాడుకునే బస్సెక్కండి. క్యాంపర్ వ్యాను ఉన్నవాళ్లు పార్కులో రాత్రి బస చెయ్యకూడదు, డబ్బు కట్టే క్యాంప్‌సైట్‌కు పోవాలి. చాలా కార్ పార్కుల్లో రెండు మీటర్ల ఎత్తున అడ్డకడ్డీ ఉంటుంది, ముందే కనుక్కోండి. ఒక బీచ్ దగ్గర అలాంటి కడ్డీ ముందు మా వెనక పది కార్లు హారన్లు కొట్టిన పూట మా ఆయన నోట ఏ మాటలు వచ్చాయో ఇక్కడ రాయను.

మన గండికోటను తలుచుకుని ఈ మాట. పెన్న కోసిన ఎర్రరాతి లోయ అది, ముల్లామోర్ కంటే ఏ విధంగానూ తక్కువ కాదు. 2024లో కేంద్రం దాని అభివృద్ధికి 77 కోట్లకు పైగా మంజూరు చేసింది. డబ్బు రావడం మంచిదే, మా సీమకు వచ్చేదే తక్కువ. ఆ డబ్బుతో కట్టేవి జమ్మలమడుగులో కట్టండి. కార్ పార్కు, హోటలు, టికెట్ కౌంటరు, బాత్రూములు అన్నీ అక్కడే పెట్టి, లోయ దాకా బస్సులు నడపండి. దూరం పదిహేను కిలోమీటర్లే. వ్యాపారం ఊరివాళ్లకు దక్కుతుంది. లోయ అంచున కాంక్రీటు పోశాక తీసేయడం కంటే, పోయకముందు ఆపుకోవడం ఎంతో చవక.